జనవరి 1న ఏడాదిని కోస్తే: రెండు అర్ధగోళాల అడవుల ఉత్పాదకత కొలిచిన కేస్ స్టడీ

పని చెప్పడానికి తేలిక. మూడు అడవులు తీసుకోవాలి. ఒక్కో చదరపు మీటరు అడవి ఏడాదికి గాలి నుంచి ఎంత కార్బన్ తీసుకుంటోంది, అందులో కలపగా, ఆకుగా మారేది ఎంత, ఏ అడవిలో ఏటేటా హెచ్చుతగ్గులు ఎక్కువ అన్నవి ఒకే పట్టికలో చూపించాలి. డేటా చాలావరకు అందరికీ అందుబాటులో ఉన్నదే. అడవికీ గాలికీ మధ్య కార్బన్ రాకపోకలను కొలిచే ఫ్లక్స్ టవర్ల డేటాను శుభ్రం చేసి లెక్కలు కట్టడం నా వృత్తి. కాబట్టి పట్టికలో 'ఏడాది' అన్న నిలువు వరసలో ఏం రాయాలన్నది నేనే తేల్చాల్సి వచ్చింది. ఈ మొత్తం పనిలో ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది దాని గురించే.

మొదటి అడవి అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న హార్వర్డ్ ఫారెస్ట్. 42.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, రెడ్ ఓక్, రెడ్ మేపుల్ చెట్లు ఎక్కువ. మే నెలలో చిగురిస్తుంది, అక్టోబరులో ఆకు రాలుస్తుంది. రెండోది ఫిన్లాండ్‌లోని హ్యూటియాలా. దాదాపు 62 డిగ్రీల ఉత్తరం, స్కాట్స్ పైన్ అడవి. మూడోది ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ కొండల్లో, సుమారు 1200 మీటర్ల ఎత్తున ఉన్న టుంబరుంబా. 35.7 డిగ్రీల దక్షిణం. అక్కడున్నది ఆల్పైన్ యాష్ అనే యూకలిప్టస్. 40 మీటర్ల చెట్లు, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. వాటి మధ్య 70 మీటర్ల టవర్.

హార్వర్డ్ ఫారెస్ట్‌లో ఏడాదిని జనవరి 1న మొదలుపెట్టి డిసెంబరు 31న ముగిస్తే ఏ ఇబ్బందీ లేదు. కోత పడేది మంచు కింద, చెట్లు మోడులుగా ఉన్నప్పుడు. ఒక వేసవి మొత్తం ఒకే గడిలో కూర్చుంటుంది. హ్యూటియాలాకైనా అంతే. టుంబరుంబాలో జనవరి 1 నడి వేసవి. చెట్లు గట్టిగా పనిచేస్తున్న వారంలో ఆ ఎదుగుదలను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను పాత ఏడాదిలో, ఇంకో ముక్కను కొత్త ఏడాదిలో వేస్తున్నాం. 2002 అని రాసిన గడిలో 2001–02 వేసవి రెండో సగం, 2002–03 వేసవి మొదటి సగం ఉంటాయి. ఆ రెండు సగాలకూ మధ్య ఒక చలికాలం ఉంది. వాటి వర్షాలు వేరు, ఎండలు వేరు.

కోత వల్ల జరిగే నష్టం ఎంత?

కొన్ని అంకెలతో చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, ఏ అడవివీ కావు. ఒక దక్షిణార్ధగోళపు అడవి మంచి సీజన్‌లో చదరపు మీటరుకు 2000 గ్రాముల కార్బన్ తీసుకుంటుంది అనుకుందాం. మధ్యలో ఒక కరువు సీజన్ వచ్చి అది 1400కు పడిపోయింది, తర్వాతి సీజన్‌లో మళ్లీ 2000. అంటే ఒక్క సీజన్‌లో 30 శాతం నష్టం. దీన్నే జనవరి–డిసెంబరు గడుల్లో పోస్తే మొదటి గడిలో 1700, రెండో గడిలోనూ 1700 వస్తాయి. ఒక గట్టి దెబ్బ కాస్తా రెండేళ్ల పాటు 15 శాతం చొప్పున సాగిన నీరసంలా కనిపిస్తుంది. మొత్తం కార్బన్ లెక్క తప్పలేదు. తప్పింది కథ.

ఇది ఆ ఒక్క కరువుతో పోయేది కాదు. ఎదుగుదల సరిగ్గా సగానికి తెగుతోందనీ, ఒక సీజన్‌కూ తర్వాతి సీజన్‌కూ సంబంధం లేదనీ అనుకుంటే, క్యాలెండర్ ఏడాది అంటే పక్కపక్క సీజన్ల సగటు. అలాంటి సగటులో వేరియన్స్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, సగానికి పడిపోతుంది. అంటే దాని వర్గమూలమైన స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 29 శాతం తగ్గుతుంది. దానికి తోడు, నిజానికి సంబంధం లేని పక్క సంవత్సరాల మధ్య 0.5 సహసంబంధం పుట్టుకొస్తుంది. నిజమైన అడవిలో కోత సరిగ్గా సగంలో పడదు, చలికాలంలోనూ కొంత ఎదుగుదల ఉంటుంది, కాబట్టి ప్రభావం కొంత అటూఇటూ అవుతుంది. దాని దిశ మాత్రం మారదు.

నన్ను బాగా ఆందోళన పెట్టింది ఆ దిశే. ఈ పొరపాటు ఉత్తరార్ధగోళపు అడవులను ముట్టుకోదు, దక్షిణార్ధగోళపు అడవులనే నిలకడగా చూపిస్తుంది. పట్టిక చదివినవాళ్లు 'సతత హరిత యూకలిప్టస్ అడవి కరువును బాగా తట్టుకుంటోంది, పైగా నిరుటి ప్రభావం ఈ ఏడాది దాకా సాగుతోంది' అంటారు. వినడానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది. వేర్లు లోతైనవి, ఆకులు ఏడాది దాటి బతుకుతాయి, చెట్టులో నిల్వలుంటాయి అని జీవశాస్త్ర కారణాలు కూడా వెంటనే దొరుకుతాయి. అవి నిజం కావచ్చు కూడా. కానీ ఆ పట్టిక వాటికి సాక్ష్యం కాదు, అందులో కనిపించే నిలకడలో ఒక భాగాన్ని క్యాలెండరే తయారుచేసింది.

టుంబరుంబాను ఎంచుకోవడంలో నా ఉద్దేశం కూడా ఇదే. 2002–03లో ఎల్ నినోతో పాటు ఆగ్నేయ ఆస్ట్రేలియాలో తీవ్రమైన కరువు వచ్చింది. అదే కాలంలో ఈ అడవిలో ఆకుల రసం పీల్చే పురుగులు పడ్డాయి. చెట్లు తీసుకునే కార్బన్ బాగా పడిపోయింది. ఇలాంటి ఘటనను రెండు గడుల్లోకి పంచితే కరువు ఎప్పుడు మొదలైంది, పురుగు ఎప్పుడు తగిలింది, అడవి ఎప్పటికి తేరుకుంది అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు. ఎల్ నినో సంగతి కూడా అంతే. అది సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. అందుకే దాన్ని 2015–16 అని జంట సంవత్సరాలతో పిలుస్తారు. జూలై నుంచి జూన్ దాకా ఏడాదిగా తీసుకుంటే ఒక ఎల్ నినో మొత్తం, దాని దెబ్బ తిన్న వేసవి మొత్తం ఒకే గడిలోకి వస్తాయి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. వాతావరణ తీవ్రతల ప్రామాణిక సూచికల్లో ఎదుగుదల కాలపు నిడివిని ఉత్తరార్ధగోళానికి జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు, దక్షిణార్ధగోళానికి జూలై 1 నుంచి జూన్ 30 వరకు లెక్కిస్తారు. సగటు ఉష్ణోగ్రత వరసగా ఆరు రోజులు 5 డిగ్రీల సెల్సియస్ దాటితే మొదలైనట్టు. చెట్టు వలయాలు లెక్కపెట్టేవాళ్లు కూడా ఎప్పుడో ఒక ఒప్పందానికి వచ్చారు. ఎడ్మండ్ షుల్మన్ పేరుతో పిలిచే ఆ పద్ధతిలో, దక్షిణార్ధగోళపు వలయానికి ఎదుగుదల మొదలైన ఏడాది పేరే పెడతారు. 2002 వలయం అంటే 2002 వసంతంలో మొదలై 2003లో ముగిసింది. వలయాల డేటాను తెచ్చి క్యాలెండర్ ఏడాది ఉపగ్రహ డేటా పక్కన పెట్టి '2002కు 2002' అని జత కలిపితే, సగం సీజన్ పక్కకు జరిగిపోతుంది. రెండింటి మధ్య సంబంధం బలహీనంగా వచ్చిందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఏడాదికి పేరు ఎలా పెట్టారనే. మా పట్టికలో ఒంటి సంవత్సరం ఎక్కడా రాయలేదు. దక్షిణపు వరసలన్నీ 2001–02, 2002–03 అనే ఉన్నాయి.

కోత ఎక్కడ వేయాలి?

జూలై 1 అని గుడ్డిగా పెట్టుకోలేదు. కోత తేదీని అర్ధగోళం చెప్పకూడదు, డేటానే చెప్పాలి. ఇలా చేశాం. ఏడాదిని ఒక వలయంగా తీసుకుని, ఒక్కో రోజును ఆ వలయం మీద ఒక కోణంగా పెట్టాం. ఆ రోజు సగటు ఉత్పాదకత ఎంతో, ఆ దిశలో అంత పొడవు బాణం గీశాం. బాణాలన్నీ కూడితే వచ్చే దిశ ఎదుగుదల కాలపు నడిమధ్య. దానికి సరిగ్గా ఎదురుగా, ఆరు నెలల దూరంలో ఉన్న రోజే కోతకు తగిన రోజు. కూడిన బాణాన్ని మొత్తం ఉత్పాదకతతో భాగిస్తే వచ్చే పొడవు ఇంకో సంగతి చెబుతుంది. అది 1కి దగ్గరైతే ఎదుగుదల కొద్ది వారాల్లోనే జరిగిపోతోంది. సున్నాకు దగ్గరైతే ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంది, అప్పుడు కోత ఎక్కడ వేసినా పెద్ద తేడా రాదు. భూమధ్యరేఖ దగ్గరి తేమ అడవులకు ఈ రెండో మాట వర్తిస్తుంది. అక్కడ 'చలికాలం' కోసం వెతకడం వృథా. చెట్లు మందగించే నెల ఏదైనా ఉంటే అక్కడ కోయాలి, లేకపోతే లేదని రాయాలి.

ఈ పద్ధతిని అర్ధగోళం పేరుతో ఎందుకు నడపకూడదో చెప్పడానికి మధ్యధరా తరహా వాతావరణం ఉన్న చోట్లు చాలు. నైరుతి ఆస్ట్రేలియాలో వానలు చలికాలంలో పడతాయి, వేసవి ఎండిపోతుంది. అక్కడ నీటి మీద ఆధారపడి పెరిగే చెట్టుచేమలకు మంచి కాలం చలికాలం చివర, వసంతం. దక్షిణార్ధగోళం కదా అని అక్కడ కూడా జూలై 1న కోస్తే, బాగున్న సీజన్‌ను మనమే చేజేతులా చీల్చినవాళ్లం అవుతాం. అక్కడ వేసవి ఎండు కాలంలో కోయడమే మేలు, అంటే మామూలు క్యాలెండర్ ఏడాదే పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఒకే దేశంలో, ఒకే అర్ధగోళంలో రెండు రకాల ఏడాదులు అవసరమవుతున్నాయి. దక్షిణ అక్షాంశం కనబడగానే ఆరు నెలలు జరిపే కోడ్ చాలాచోట్ల చూశాను. అది సగం సమస్యను తీర్చి ఇంకో సగాన్ని పుట్టిస్తుంది.

రెండు వైపుల సీజన్లను ఒకదాని మీద ఒకటి పెట్టి గీయాల్సి వచ్చినప్పుడు 'ఆరు నెలలు కలపడం' బదులు, అతి పొట్టి పగలు ఉన్న రోజు నుంచి ఎన్నో రోజు అన్న లెక్క వాడాం. హార్వర్డ్‌కు అది డిసెంబరు 21 ప్రాంతం, టుంబరుంబాకు జూన్ 21 ప్రాంతం. నెలల నిడివి సమానం కాదు కాబట్టి 'ఆరు నెలలు' అన్నది మొదలుపెట్టిన నెలను బట్టి 181 నుంచి 184 రోజుల దాకా మారుతుంది. పొట్టి పగలును ఆధారం చేసుకుంటే ఆ గొడవ ఉండదు. లీపు రోజు కూడా సరైన సీజన్‌లోకే వెళుతుంది. 2020 ఫిబ్రవరి 29 టుంబరుంబాకు 2019–20 వేసవిలోది.

టవర్ డేటాలో దాక్కున్న జనవరి 1

ఏడాదిని మార్చుకున్నాం కదా, ఇక రోజువారీ డేటా కూడితే సరిపోతుంది అనిపిస్తుంది. సరిపోదు. ఎందుకో చెప్పాలంటే టవర్ పనితీరు కొంచెం చెప్పాలి.

టవర్ మీద గాలి కదలికను కొలిచే సోనిక్ అనిమోమీటర్, కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే గ్యాస్ అనలైజర్ ఉంటాయి. సెకనుకు 10 లేదా 20 సార్లు కొలిచి, అరగంటకో సగటు ఇస్తాయి. వచ్చేది నికర మార్పిడి, అంటే చెట్లు తీసుకున్నదీ, చెట్లూ నేలా కలిసి వదిలినదీ పోగా మిగిలింది. కిరణజన్య సంయోగక్రియ మొత్తం ఎంతో తెలియాలంటే రాత్రి వదిలే కార్బన్‌ను బట్టి పగటి శ్వాసను అంచనా వేసి కలుపుకోవాలి. రాత్రిళ్లు గాలి నిశ్చలంగా ఉంటే అడవి వదిలిన కార్బన్ టవర్ దాకా చేరదు. అందుకే గాలి రాపిడి వేగం, మేం యూ-స్టార్ అనేది, ఒక హద్దు కన్నా తక్కువైతే ఆ అరగంటలు తీసేసి, ఖాళీలను మోడల్‌తో నింపుతాం. ఆ హద్దు ఎంత పెట్టామన్నదాన్ని బట్టి ఏడాది కార్బన్ లెక్కే మారిపోతుంది.

ప్రపంచంలోని 212 టవర్ కేంద్రాల డేటా ఉన్న ఫ్లక్స్‌నెట్ 2015 సంకలనంలో ఈ హద్దును రెండు రకాలుగా ఇచ్చారు. ఒకటి ఏ ఏడాదికి ఆ ఏడాది మారేది, రెండోది అన్ని ఏళ్లకూ ఒకటే. ఏటేటా మారే హద్దు జనవరి 1నే మారుతుంది. హార్వర్డ్‌లో ఆ తేదీన చెట్లు నిద్రలో ఉంటాయి కాబట్టి తేడా అంతగా తెలియదు. టుంబరుంబాలో అదే తేదీన నడి వేసవి సీజన్ మధ్యలో వడపోత మారిపోతుంది. డిసెంబరుకూ జనవరికీ మధ్య చిన్న మెట్టు కనబడితే అది అడవిదా, హద్దుదా అని తేల్చుకోలేం. దక్షిణపు కేంద్రానికి మేం స్థిరమైన హద్దునే వాడాం. పోలిక న్యాయంగా ఉండాలని ఉత్తరపు రెండు కేంద్రాలకూ అదే పెట్టాం. పరికరాలు మార్చిన ఏళ్లలో స్థిరమైన హద్దు అంత బాగా పనిచేయదు. అది తెలిసే తీసుకున్న నిర్ణయం, ఈ ప్రశ్నకు అదే మేలు అనిపించింది.

ఆ సంకలనంలోని వార్షిక ఫైలు, నాణ్యత శాతాలు అన్నీ క్యాలెండర్ ఏడాదివే. 'ఈ ఏడాది డేటా బాగుంది' అన్న గుర్తును సీజన్‌కు అంటగట్టలేం. అరగంటల ఫైలు నుంచి ఖాళీల శాతం మళ్లీ లెక్కగట్టి, ఎదుగుదల కాలం నడిమధ్య నెలల్లో ఖాళీలు ఎక్కువున్న సీజన్లను పక్కన పెట్టాం. ఇంకో ఖర్చు కూడా ఉంది. జనవరిలో మొదలై డిసెంబరులో ముగిసిన డేటా పదేళ్లది ఉంటే, దక్షిణపు సీజన్లు తొమ్మిదే వస్తాయి, రెండు కొసల్లోనూ అరసీజన్లు మిగిలిపోతాయి. పొట్టి రికార్డుల్లో ఒక్క సీజన్ పోవడం బాధే. దాన్ని కాపాడుకోవడానికి అరసీజన్‌ను రెండింతలు చేసి పెట్టే అలవాటు కొందరికి ఉంది. నేను దానికి ఒప్పుకోను.

ఉపగ్రహం లెక్కలో చివరి వారం

నాసా ఉపగ్రహ పరికరం మోడిస్ ఇచ్చే ఉత్పాదకత డేటా 8 రోజులకో అంకెగా వస్తుంది. ప్రతి జనవరి 1న లెక్క కొత్తగా మొదలవుతుంది. ఏడాదికి అలాంటివి 46. ఎనిమిది 46లు 368 కాబట్టి చివరి అంకెకు 8 రోజులు ఉండవు. అందులో ఉన్నది 5 రోజుల మొత్తం, లీపు ఏడాదిలో 6 రోజుల మొత్తం. మామూలు ఏడాదిలో అది డిసెంబరు 27 నుంచి 31 వరకు. రోజు సగటు కోసం అన్నింటినీ 8తో భాగించే కోడ్ రాస్తే, మామూలు ఏడాదిలో ఆ అంకె 37.5 శాతం తగ్గి కనిపిస్తుంది.

హార్వర్డ్ గ్రాఫ్‌లో దీన్ని ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే డిసెంబరు చివర అక్కడ అంకె ఎలాగూ సున్నాకు దగ్గరే. టుంబరుంబా గ్రాఫ్‌లో మాత్రం ప్రతి వేసవి నడిమధ్యలో, ఒకే చోట, సన్నని పల్లం పడుతుంది. చూడగానే వడగాలి అనిపిస్తుంది. వాతావరణ డేటాలో వెతికితే ఏదో ఒక వేడి రోజు దొరకనూ దొరుకుతుంది. ప్రతి ఏడాదీ అదే తేదీన వస్తోందంటే అది వాతావరణం కాదని అనుమానించాలి. విద్యార్థులకు నేను ఈ గ్రాఫ్ తప్పకుండా చూపిస్తాను. ఉత్తరార్ధగోళంలో సంవత్సరాల తరబడి ఇబ్బంది పెట్టకుండా నడిచిన కోడ్, దక్షిణానికి తీసుకెళ్లగానే ఎక్కడ తేలిపోతుందో దీనంత స్పష్టంగా చూపేది ఇంకొకటి నాకు తెలియదు.

వెలుతురు విషయంలో ఒక చిన్న మాట. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, దూరంగా ఉండేది జూలై మొదట్లో. వాతావరణం పైకి చేరే ఎండలో ఈ రెండు తేదీల మధ్య దాదాపు 7 శాతం తేడా ఉంది. దక్షిణపు వేసవికి ఎండ ఎక్కువ, కానీ అక్కడ ఏడాదిలోని వేసవి అర్ధభాగం నిడివి సుమారు 179 రోజులే, ఉత్తరానిది 186. కాబట్టి ఎంత వెలుతురుకు ఎంత ఉత్పాదకత అని లెక్కించేటప్పుడు అక్షాంశం నుంచి ఊహించిన వెలుతురు కాకుండా టవర్ మీద కొలిచిందే వాడాం. అక్షాంశాల జత కలిపే ప్రయత్నం చేయలేదు. హ్యూటియాలాకు దక్షిణంలో జోడీయే లేదు, అటువైపు అడవులు దక్షిణ అమెరికా కొసన దాదాపు 56 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి.

నేల మీది కొలతలు

టవర్ డేటా నుంచి మేం రాబట్టేది స్థూల లెక్క, అంటే కిరణజన్య సంయోగక్రియ మొత్తం. కలపగా, ఆకుగా ఎంత మిగిలింది అనేది చెట్ల దగ్గరకు వెళ్లి కొలవాలి. ఇక్కడ సీజన్‌తో పాటు చెట్టు స్వభావం కూడా అడ్డొస్తుంది.

ఛాతీ ఎత్తులో, అంటే 1.3 మీటర్ల దగ్గర, కాండం చుట్టూ స్ప్రింగుతో బిగించిన స్టీలు పట్టీ వేసి, అది ఎంత జరిగిందో కాలిపర్‌తో చదువుతారు. పట్టీ కొత్తలో సర్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి మొదటి సీజన్ రీడింగులను నమ్మకూడదు. దక్షిణంలో ఆ పట్టీలను చలికాలంలో వేయాలి. ఉత్తరపు ప్రొటోకాల్ చూసి జనవరి, ఫిబ్రవరుల్లో వేస్తే ఆ సీజన్ సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఎండలో కాండం నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, వాన పడగానే ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఎదుగుదల కాదు. అంతకు ముందున్న గరిష్ఠాన్ని దాటినప్పుడే పెరిగినట్టు లెక్కవేశాం. పోలికకు చలికాలం రీడింగు నుంచి మరుసటి చలికాలం రీడింగు దాకా తీసుకున్నాం, రెండు కొసల్లోనూ కాండంలో తేమ దాదాపు సమానంగా ఉంటుందన్న భరోసాతో.

రాలిన ఆకు సంగతి ఇంకా చిక్కు. హార్వర్డ్‌లో శరదృతువులో చెట్ల కింద పెట్టిన తట్టల్లో పడిన ఆకు ఆ వేసవిలో పుట్టిందే. ఆరబెట్టి తూస్తే ఆ ఏడాది ఆకు ఉత్పాదకత చేతికొచ్చినట్టే. యూకలిప్టస్ ఆకు ఎక్కువగా వేసవిలో రాలుతుంది, రాలేది ఈ సీజన్‌లో పుట్టింది కాకపోవచ్చు. పైగా కరువులో చెట్టు ఆకును వదిలించుకుంటుంది. అప్పుడు తట్ట నిండుతుంది, లెక్కలో ఉత్పాదకత పెరిగినట్టు కనిపిస్తుంది, అసలు జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అందుకే రాలిన ఆకుకు, చెట్టు మీద ఆకు విస్తీర్ణంలో వచ్చిన మార్పును కలిపి తీరాలి. ఆ మార్పు కొలవని సీజన్లకు ఆకు గడి ఖాళీగా వదిలేశాం.

ఇక బెరడు. ఆల్పైన్ యాష్‌కు కింద గరుకైన పీచు బెరడు, పైన నునుపు. పైభాగం బెరడు పొడవాటి రిబ్బన్లలా ఊడి వేలాడుతుంది, తర్వాత నేల మీద పడుతుంది. ఓక్, మేపుల్ అడవుల కోసం తయారైన తట్టలు సాధారణంగా అర చదరపు మీటరు కన్నా పెద్దవి కావు. మీటర్ల పొడవు బెరడు వాటిలో ఎలా పడుతుంది? పడినా సగం బయటే ఉంటుంది. దాన్ని నేల మీద గుర్తు పెట్టిన గడుల్లో విడిగా ఏరి తూయాలి. ఉత్తరపు పట్టికల్లో 'బెరడు' అనే గడి సాధారణంగా ఉండదు కాబట్టి, అదే నమూనా నింపితే యూకలిప్టస్ ఉత్పాదకతలో ఒక భాగం ఎవరికీ తెలియకుండా జారిపోతుంది.

పట్టిక చివరికి ఎలా నిలిచింది

మూడు అడవులకూ సీజన్ వారీ స్థూల ఉత్పాదకత, కోత తేదీ, బాణం పొడవు, ఖాళీల శాతం పక్కపక్కనే ఉన్నాయి. దాని కిందే క్యాలెండర్ ఏడాది లెక్క కూడా పెట్టాం, తేడా ఎక్కడ వస్తోందో చదివేవాళ్లు స్వయంగా చూసుకునేలా. ఏడాది మొత్తంతో పాటు ఎదుగుదల కాలంలో రోజుకు ఎంత అన్నది విడిగా ఇచ్చాం. హార్వర్డ్ కొద్ది నెలల్లో గట్టిగా పనిచేస్తుంది, టుంబరుంబా ఏడాది పొడవునా పనిచేస్తుంది. మొత్తం ఒక్కటే చూపిస్తే ఈ తేడా మరుగున పడుతుంది. సతత హరిత అడవికి 'ఎదుగుదల కాలం' మొదలు, ముగింపు తేదీలు ఒక హద్దు పెట్టుకుంటే తప్ప రావు. అందుకని ఏడాది ఉత్పాదకతలో మధ్య 80 శాతం ఎన్ని రోజుల్లో జరిగిందో లెక్కించి, మూడు చోట్లా అదే కొలమానం వాడాం.

వేర్ల గడి పట్టికలో లేదు. సన్న వేర్లను మట్టి కోర్లు, అంటే గొట్టంతో తీసిన మట్టి నమూనాలు, తీసి ఏడాదికోసారి చూసే చోట్ల, ఆ కోర్లు ఏ నెలలో తీశారో ఆ నెలే వాటి ఏడాదికి సరిహద్దు. వాటిని మన కోత తేదీకి జరపడానికి వీలు లేదు. తెచ్చి అతికిస్తే నికర ఉత్పాదకత, అంటే కలపగా, ఆకుగా, వేర్లుగా మిగిలేది, పూర్తయినట్టు కనబడేది, కానీ అందులో సగం ఒక ఏడాదిది, సగం ఇంకో ఏడాదిది అయ్యేది. కాబట్టి మా నికర అంకెల పక్కన 'నేల పైభాగం మాత్రమే' అని రాసి ఉంటుంది. తర్వాతి దశలో ఒక్కో అడవిలో దాని కోత తేదీకి రెండు వారాల అటూఇటూలోనే కోర్లు తీయాలని ఫీల్డ్ ప్రణాళికలో చేర్చాం. టుంబరుంబా వంటి కొండ అడవిలో ఆ తేదీ నడి చలికాలంలో వస్తుంది, దారుల్లో మంచు ఉండొచ్చు. ఆ ఇబ్బందికి తగినట్టు సిబ్బంది రోజులు, వాహనం ఏర్పాటు ముందుగానే ప్రణాళికలో రాసుకున్నాం.